డాక్టరు అడిగే మూడు ప్రశ్నలు

హార్లన్ పోర్ట్, ఒహాయో
సెప్టెంబరు 17, 1974

చెల్లి డెల్‌కి, అన్నయ్య లియోటిస్ రాయిస్తున్నది.

ఈ కోడిగీతలు ఎవరివా అని నువ్వు ముక్కు విరుస్తావని తెలుసు. ఇన్నాళ్ళూ నా ఉత్తరాలు రాసిపెట్టిన కర్టిస్‌ని జట్టు నుంచి పంపించేశారు. ఇప్పుడు పెట్రాస్కో రాస్తున్నాడు. నేను బంతి పట్టుకుని పరిగెత్తేటప్పుడు నాకు ముందు పోయి, అడ్డొచ్చినవాణ్ణల్లా గుద్ది పడేసి దారి చేసేవాడు వీడే. ఈ ఏడు ఇద్దరం ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. కాబేజీ తప్ప ఇంకోటి వండడం రాదు వీడికి.

(చెల్లెమ్మా, నేను పెట్రాస్కోని. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాడు, రాస్తున్నాను. కానీ కాబేజీలో మాంసం కూడా పెడతాను. ఆ ముక్క చెప్పలేదు మీ అన్న.)

ఇక్కడి పేపరువాడు ఏం రాశాడో తెలుసా? "ముప్ఫై రెండేళ్ళ ముసలి కంచరగాడిద ఇంకా బండి లాగగలదా?" అని. ఈ ఫుట్‌బాల్ ఆటలో నా పని చేసేవాళ్ళు ఇరవై తొమ్మిదికే ఇంటికి పోతారట. పెట్రాస్కో చేత రెండుసార్లు చదివించుకున్నాను. ఆ ఆదివారమే టొలీడో వాళ్ళ మీద నూట ముప్ఫై గజాలు పరిగెత్తాను. ఆట అయ్యాక అదే పేపరువాడు వచ్చి చేయి కలిపాడు. "ఏం నాయనా, గాడిద తన్నకముందే వచ్చావా?" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు.

కోచ్ ఒకటే చెప్పాడు: "నీ కాళ్ళు ఆడినంతకాలం బంతి నీదే, లియోటిస్." ఆడుతున్నాయి. మోకాలు కూడా మూలగడం లేదు.

అమ్మ రేడియో ముందు కూర్చుని నా కోసం ప్రార్థన చేస్తోందట. గెలవమని చేస్తోందో, లేవమని చేస్తోందో అడిగి రాయి. నువ్వు బాగా చదువుకో. మన ఇంట్లో ఒక్కరికైనా నెత్తి మీద హెల్మెట్ కాకుండా నర్సు టోపీ ఉండాలి.

నీ అన్న
లియోటిస్


నాష్‌విల్, టెనెసీ
సెప్టెంబరు 29, 1974

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. పెట్రాస్కో గారి దస్తూరి నువ్వన్నంత అధ్వాన్నంగా ఏమీ లేదు. హాస్టల్‌లో ఒక్కటే ఫోను. అదీ మేట్రన్ కుర్చీ పక్కనే ఉంటుంది. అందుకని ఏం అడగాలన్నా ఉత్తరంలోనే అడుగుతాను.

నేను బాగున్నాను. శరీర నిర్మాణం పరీక్షలో తరగతిలో మొదటిదాన్నయ్యాను. నాకు ఏడేళ్ళప్పుడు నీకు కాలేజీ నుంచి ఉత్తరం వస్తే నేనే కూడబలుక్కుని చదివి వినిపించాను, గుర్తుందా? "నిన్ను ఆటకి తీసుకుంటున్నాం" అన్న వాక్యం దగ్గర నువ్వు నన్ను ఎత్తి గిరగిరా తిప్పావు. మార్కులు చూసుకుంటే మళ్ళీ అలాగే అనిపించింది.

ఈ ఏడాది నరాల పాఠాలు చెబుతున్నారు. లైబ్రరీకి ఉత్తరాది పేపర్లు రెండు రోజులు ఆలస్యంగా వస్తాయి. మొన్న ఒకదాంట్లో నీ ఫోటో వేశారు. ఇద్దరు నిన్ను చెరో చంక కిందా పట్టుకుని మైదానం బయటికి తెస్తున్నారు. కింద "అలసిన వీరుడు" అని రాశారు. అన్నయ్యా, ఎంత అలసినవాడైనా పాదాలు నేలకి ఆనించి నడుస్తాడు. నీ పాదాలు ఈడుస్తున్నాయి. ఆ ఫోటో మీద చేయి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

ఆ రోజు ఏమైంది? తలకి తగిలిందా? తగిలితే అక్కడ ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు? పెట్రాస్కో గారూ, ఈ ప్రశ్న చదవకుండా దాటెయ్యకండి.

అమ్మని అడిగాను. "లేవమని," అంది.

నీ చెల్లి
డెల్


హార్లన్ పోర్ట్
అక్టోబరు 15, 1974

డెల్,

నర్సమ్మవి కాకముందే నర్సమ్మ ప్రశ్నలా! సరే విను.

తలకి తగిలితే మా డాక్టరు వస్తాడు. మంచివాడే, చలిగా ఉందని ఎప్పుడూ గొణుగుతుంటాడు. ముక్కు దగ్గర ఘాటు సీసా పెడతాడు. తల లోపల తలుపులన్నీ ఒకేసారి తెరిచినట్టుంటుంది. తర్వాత మూడు ప్రశ్నలు. ఇది ఏ ఊరు? ఎవరితో ఆడుతున్నాం? స్కోరు ఎంత? మూడింటికీ చెబితే హెల్మెట్ ఇస్తాడు. చెప్పకపోతే బల్ల మీద కూర్చోబెడతాడు. అదీ పరీక్ష. నువ్వు రాసే పరీక్షలకన్నా తేలిక. ఎందుకంటే మా దాంట్లో చూసి రాయచ్చు. పెట్రాస్కో డాక్టరు వెనకాల నిలబడతాడు. ఊరి పేరు పెదాలతో చెబుతాడు, స్కోరు వేళ్ళతో. ఒకసారి వాడికి వేళ్ళు చాలక బూటు చూపించాడు. నవ్వలేక చచ్చాననుకో. ఇప్పటికి నాలుగుసార్లు పాసయ్యాను. నువ్వు కూడా నీ శరీర నిర్మాణం పరీక్ష బాగా రాయి, భయపడకు.

లూయీవిల్ ఆట రేడియోలో విన్నావా? ఎనభై గజాలు, డెల్! ఒక్క పరుగులో! చాలా బాగుందని పెట్రాస్కో చెప్పాడు. అయిదు ఆటల్లో నాలుగు గెలిచాం. ఉక్కు మిల్లులో ఒక షిఫ్టు ఎత్తేశారు కదా, ఆ మగాళ్ళందరూ గేటు దగ్గర నిలబడి, "లియోటిస్, మమ్మల్ని కూడా మొయ్యి" అని అరుస్తున్నారు. ఏం చెప్పను? ఎక్కండి అన్నాను.

డిసెంబరులో ఇంటికి వస్తాను. ఎజెల్ బాబాయికి చెప్పు, గాలాలు సిద్ధంగా పెట్టుకోమని. ఈసారి నాకంటే పెద్ద చేప పడితే ఒప్పుకోను.

నీ అన్న
లియోటిస్


నాష్‌విల్
అక్టోబరు 20, 1974

పెట్రాస్కో గారికి,

నేను లియోటిస్ గ్యాంబ్రెల్ చెల్లెల్ని. అన్నయ్యకి రాసే ఉత్తరాలు మీరే చదివి వినిపిస్తారు. ఇది వినిపించకండి. అందుకే మీ పేరు మీద స్టేడియానికి పంపుతున్నాను.

మీకు తెలిసే అవకాశం లేదు కనక చెబుతున్నాను. ఎజెల్ బాబాయి మొన్న ఫిబ్రవరిలో చనిపోయారు. అన్నయ్య విమానంలో వచ్చాడు. శవపేటికకి ముందు కుడివైపు భుజం పట్టింది అన్నయ్యే. వాన పడుతోంది. బురదలో కాలు జారితే "బాబాయ్, నువ్విప్పటికీ బరువే" అని ఏడుస్తూ నవ్వాడు. మా నాన్న పోయాక అన్నయ్యని పెంచింది ఆ బాబాయే.

అలాంటి మనిషికి గాలాలు సిద్ధం చేసుకోమని కబురు పంపాడు. మీరు చెప్పింది చెప్పినట్టు రాశారు. మీ తప్పేం లేదు. ఇంకోటి. శరీర నిర్మాణం పరీక్షలో మొదటిదాన్నయ్యానని రాశాను. మీరు చదివే ఉంటారు. దానికి జవాబుగా పరీక్ష బాగా రాయమన్నాడు.

నాకు చాలా భయంగా ఉంది. ఆ ఉత్తరం రోజుకోసారి తీసి చదువుతున్నాను, నేనే తప్పుగా చదివానేమోనని. నేను మీకు పరాయిదాన్ని. మీరు నాకు నిజం చెప్పవలసిన పని లేదు. అయినా అడుగుతున్నాను. అన్నయ్య ఇంట్లో ఎలా ఉంటున్నాడు? ఆటలో ఇదంతా ఎవరికీ ఎందుకు తెలియడం లేదు?

వర్డెల్ గ్యాంబ్రెల్


హార్లన్ పోర్ట్
అక్టోబరు 27, 1974

చెల్లెమ్మా,

మీ ఉత్తరం మూడు రోజులు కోటు జేబులో పెట్టుకుని తిరిగాను. అబద్ధం రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రాలేదు.

ఎందుకు తెలియడం లేదని అడిగారు. అది ముందు చెబుతాను. ప్రతి ఎత్తుకీ ముందు మేమందరం గుండ్రంగా నిలబడతాం. ఆట నడిపేవాడు ఎత్తు పేరు, అంటే ఈసారి బంతి ఎవరు ఎటు తీసుకెళ్ళాలో, చెబుతాడు. అవన్నీ ఒక లావుపాటి పుస్తకంలో ఉంటాయి, ఎండాకాలంలో బట్టీ పట్టాలి. లియోటిస్‌కి ఆ పుస్తకం చదవడం రాదు. కర్టిస్ పోయాక జట్టులో ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. మూడేళ్ళుగా, విడిపోయే ముందు నేను అతని చెవిలో "నా కుడి" అనో "నా ఎడమ" అనో అంటాను. అంతే. నేను వెళ్ళిన వైపు వస్తాడు. ఆ తర్వాత అతని కాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంకెవడైనా ఇలా మరిచిపోతే తప్పు వైపు పరిగెత్తి దొరికిపోయేవాడు. ఇతను తప్పు వైపు వెళ్ళడు. వైపు ఎప్పుడూ నేనే చెబుతాను కదా.

లూయీవిల్ మీద ఎనభై గజాలు పరిగెత్తి, గీత దాటి, బంతి నా చేతికిచ్చాడు. జనం గోల. నా హెల్మెట్‌కి మొహం ఆనించి, "ఆట ఎప్పుడు మొదలవుతుంది?" అనడిగాడు. వేళాకోళం అనుకున్నానని మీకు చెప్పాలని ఉంది. అనుకోలేదు.

ఇంట్లో పొయ్యి నేనే కట్టేస్తున్నాను. కారు నేనే నడుపుతున్నాను. వెలుతురు కళ్ళలో గుచ్చుకుంటోందని కిటికీలకి దుప్పట్లు కట్టాడు. నిన్న నన్ను కర్టిస్ అని పిలిచాడు. తర్వాత తనే తెలుసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. చాలాసేపటికి బయటికొచ్చి, "చిన్నదానికి రాయకు," అన్నాడు. చిన్నదంటే మీరే.

డాక్టరు వెనక నిలబడి జవాబులు చూపించేది నేనే. నా పని అతని ముందు నడిచి, దెబ్బ అతనికి తగలకుండా చూడ్డం. అదీ ఇదీ ఒకటే పని అనుకున్నాను. అతన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను, చెల్లెమ్మా.

ఇంకో నిజం. అతను లేకపోతే నన్ను కూడా ఎవరూ ఉంచుకోరు. నాకు ముప్ఫై. మా నాన్న బొగ్గు గనిలో ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. నాకు ఆ గొయ్యంటే భయం. ఇప్పుడు ఇంట్లో కూర్చుని అతను నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందా లేదా అని చూడ్డం దానికన్నా భయంగా ఉంది.

ఆండ్రూ పెట్రాస్కో


నాష్‌విల్
నవంబరు 5, 1974

పెట్రాస్కో గారికి,

నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. మీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. కుదరలేదు. నేను కట్టుకున్న ఈ తెల్లబట్టలు అన్నయ్య తిన్న దెబ్బలతో వచ్చినవే. మూడేళ్ళుగా అవి ఉతికి ఇస్త్రీ చేసుకుంటున్నాను, ఆ దెబ్బల సంగతి ఒక్కనాడూ అడగలేదు.

మా వార్డులో ఒక ముసలాయన ఉన్నారు. ముసలాయన అన్నాను గానీ యాభై ఒకటే. ఒకప్పుడు ముష్టియుద్ధాలు చేసేవాడు. ఆయన భార్య రోజూ నాలుగింటికి వస్తుంది. రోజూ కుర్చీ దగ్గరికి లాక్కుని, "నేను ఫ్లోరెన్స్‌ని, నీ పెళ్ళాన్ని," అని మొదలుపెడుతుంది. ఆయన మర్యాదగా లేచి, "కూర్చోండమ్మా," అంటాడు.

పేరు చెప్పకుండా అన్నయ్య సంగతి మా వార్డు డాక్టరు గారికి చెప్పాను. ఆయన కలం మూత పెట్టేసి విన్నారు. ఒక దెబ్బ మానకముందే దాని మీద ఇంకోటి తగిలితే మెదడు ఉబ్బి గంటలో ప్రాణం పోవచ్చునట. "పోకపోతే?" అని అడిగాను. ఆయన ఆ ముసలాయన మంచం వైపు చూశారు.

మీ జట్టు డాక్టరుకి నేనే ఉత్తరం రాశాను. అన్నయ్య మరిచిపోతున్నవన్నీ రాశాను, చదువు రాదన్నదీ, మీరు చూపించే జవాబుల సంగతీ తప్ప. అవి రాయడానికి చెయ్యి రాలేదు. ఆయన జవాబిచ్చేవరకూ దయచేసి అన్నయ్యని ఏదో ఒక సాకుతో ఆపండి. కడుపునొప్పి అనండి. ఏదైనా అనండి.

వర్డెల్


నాష్‌విల్
నవంబరు 24, 1974

ప్రియమైన అన్నయ్యకు,

పెట్రాస్కో గారూ, ఇది అన్నయ్యకే. మొత్తం చదవండి.

అన్నయ్యా, ఎజెల్ బాబాయి చనిపోయారు. ఫిబ్రవరిలో. నువ్వే మోశావు. ఇది నీకు మళ్ళీ మొదటిసారి విన్నట్టు ఉంటే, కూర్చో. కాసేపాగి మిగతాది చదివించుకో.

నీకేమవుతోందో నాకు తెలుసు. ఎలా తెలిసిందని ఎవర్నీ కోప్పడకు. నీ ఉత్తరంలోనే తెలిసింది. మీ డాక్టరుకి రాశాను. నిన్న టైపు చేసిన జవాబు వచ్చింది, మూడే వాక్యాలు: "మీ సోదరుని ప్రతి సందర్భంలోనూ పరీక్షించడం జరిగింది. అన్ని ప్రశ్నలకూ సరైన సమాధానాలు ఇచ్చారు. మీ శ్రద్ధకు ధన్యవాదాలు."

సరైన సమాధానాలు! నిన్ను ఆపగలిగేవి ఆ మూడు ప్రశ్నలే. వాటికి నువ్వు దొంగ జవాబులు చెబుతున్నావు.

ఇంక రెండు మూడు ఆటలేగా అంటావు. ఆ ఒక్కదెబ్బ ఏ ఆటలో ఉందో ఎవరికి తెలుసు? నేను ఆదివారాలు రేడియో దగ్గర కూర్చోలేకపోతున్నాను. దూరంగా కూర్చోనూలేను. మెట్ల మీద కూర్చుంటాను, సగం వినబడేలా. నీ పేరు చెప్పి, జనం ఒక్కసారి "హో" అన్నారంటే, మళ్ళీ నీ పేరు చెప్పేదాకా ఊపిరి బిగబట్టుకుంటాను.

నువ్వు పంపే డబ్బు ఆగి, ఈ నెలే నా చదువు ఆగిపోయినా పరవాలేదు. వార్డుల్లో నేలలు తుడిచి చదువుకునే ఆడపిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. నువ్వు మాత్రం నేను డెల్‌ని అని నీకు చెప్పుకోవలసిన రోజు తేకు. ఇప్పుడే దిగిపో, అన్నయ్యా.

డెల్


హార్లన్ పోర్ట్
డిసెంబరు 2, 1974

వర్డెల్,

చదివించుకున్నాను. బాబాయి సంగతి నాకు తెలుసు. ఏదో మాట తప్పు దొర్లింది. అందరికీ దొర్లుతుంది. దానికి నా వెనకాల డాక్టరుకి ఉత్తరమా? పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. విరిగిన పక్కటెముకతో ఆడాను. వేళ్ళు తప్పితే లాగి సరిచేసుకుని ఆడాను. ఏనాడైనా నీ చేత రాయించానా, ఆపండీ మా అన్నయ్యకి నొప్పిగా ఉందీ అని?

నీకు రాసినవాడు తను కాదని పెట్రాస్కో ఒట్టేశాడు. ఒట్టేస్తూ కిటికీలోంచి చూస్తున్నాడు. పెట్రాస్కో, అది కూడా రాయి. రాశావా? ఆఁ.

పేపర్లన్నిటిదీ ఒకే పాట, వీడు జట్టుని మోయగలడా అని. మోస్తున్నానా లేదా? తొమ్మిది గెలిచాం. పదిహేనో తేదీ ఆదివారం మిల్‌వాకీ మీద గెలిస్తే జనవరిలో టైటిల్ పోటీలు ఆడతాం. ఈ ఊరు జనవరి ఆట చూసి పదిహేనేళ్ళయింది. ఇప్పుడు, గుమ్మం దగ్గరికొచ్చాక దించెయ్యమంటావు!

దించేసి ఏం చెయ్యను, చెప్పు? నువ్వు చదువుకున్నదానివి. ఏ వార్డులోనైనా, ఏ ఊళ్ళోనైనా బతుకుతావు. నాకు బోర్డు మీద ఏం రాసుందో తెలీదు. కాగితమిస్తే ఎక్కడ సంతకం పెట్టాలో ఎవడో వేలు పెట్టి చూపించాలి. జీవితంలో నాకు ఒకరు చెప్పక్కర్లేకుండా వచ్చింది ఒక్కటే. బంతి చేతిలో పడ్డాక ఎటు పోవాలో నాకు తెలుసు. అక్కడ నేనే పంతుల్ని. అది కూడా లాక్కుంటావా?

అమ్మకి చెప్పావంటే మాత్రం నీకూ నాకూ మాటల్లేవు.

లియోటిస్


నాష్‌విల్
డిసెంబరు 8, 1974

పెట్రాస్కో గారికి,

ఇది మీకొక్కరికే.

ఏ సాకు చెప్పినా అన్నయ్య ఆగడు. కోచ్ ఆపడు. డాక్టరుకి జవాబులు సరిగ్గా ఉంటే చాలు. అమ్మకి చెబితే అమ్మ గుండె ఆగుతుంది తప్ప అన్నయ్య ఆగడు. అన్ని దారులూ వెతికాను. ఒక్కటే మిగిలింది.

ఆదివారం అన్నయ్యకి తగిలితే, డాక్టరు ఆ మూడు ప్రశ్నలు అడిగేటప్పుడు, దయచేసి అక్కడ నిలబడకండి. ఏమీ చెప్పకండి. వేలు కూడా ఎత్తకండి. అన్నయ్య తనే జవాబు చెప్పగలిగితే ఆడనివ్వండి, నేను ఇంకెప్పుడూ మాట్లాడను. చెప్పలేకపోతే అందరి ముందూ తెలియనివ్వండి.

ఇది అన్నయ్యకి నేను చేస్తున్న ద్రోహం. మీ చేత చేయిస్తున్నాను. మీ ఉద్యోగం కూడా పోతుందని తెలిసే అడుగుతున్నాను. ఈ పాపం నాదని రాసి సంతకం పెడుతున్నాను. ఎప్పుడైనా అన్నయ్య అడిగితే ఈ కాగితం చూపించండి.

వర్డెల్ గ్యాంబ్రెల్


హార్లన్ పోర్ట్
డిసెంబరు 16, 1974

చెల్లెమ్మా,

మీరు రేడియోలో విని ఉంటారు. వినని సంగతి రాస్తున్నాను.

మొదటి సగమంతా అతను బ్రహ్మాండంగా ఆడాడు. అది మీకు తెలియాలి. పన్నెండుసార్లు బంతి పట్టాడు, ఒక్కసారి కూడా వాళ్ళు అతన్ని వెనక్కి నెట్టలేకపోయారు. మంచు పడుతోంది. మూడో భాగంలో నేను ఒకణ్ణి పడేశాను, ఇంకొకడు నా భుజం పక్కనుంచి దూరిపోయాడు. నేను ఆపాల్సినవాడు వాడు. ఆ చప్పుడు నాకు వెనకనుంచి వినిపించింది. తిరిగి చూస్తే లియోటిస్ మోకాళ్ళ మీద ఉన్నాడు, బంతి మాత్రం వదల్లేదు.

బయటికి తెచ్చారు. డాక్టరు వచ్చాడు, సీసా పెట్టాడు. నేను ఎప్పుడూ నిలబడేచోటే నిలబడి ఉన్నాను. కాళ్ళు వాటంతటవే అక్కడికి తీసుకెళ్ళాయి. డాక్టరు, "ఇది ఏ ఊరు, లియోటిస్?" అన్నాడు. అతను నా వైపు చూశాడు. నేను వెనక్కి తిరిగి జనం వైపు చూడ్డం మొదలుపెట్టాను. రెండు చేతులూ చొక్కాలో దోపుకున్నాను.

తర్వాత, "టిల్మన్ స్టేషన్," అన్నాడు. మీ అమ్మగారి ఊరు కదా అది. "ఎవరితో ఆడుతున్నాం?" అన్నాడు డాక్టరు. అప్పుడు లియోటిస్ నన్ను పిలిచాడు. "పెట్రాస్కో!" అని, ఒక్కసారి, గట్టిగా కాదు. నేను తిరగలేదు. చెల్లెమ్మా, నన్ను ఎంతమందో గుద్దారు గానీ అంత దెబ్బ ఎప్పుడూ తినలేదు.

స్కోరు అడగనే లేదు డాక్టరు. ఆయన మొహం తెల్లబోయింది. హెల్మెట్ తీసుకుని దాన్ని లోపలికి పంపేశారు, అతన్ని బల్ల మీద కూర్చోబెట్టారు. లియోటిస్ మిగతా ఆటంతా బల్ల కింద వంగి హెల్మెట్ వెతుక్కుంటూనే ఉన్నాడు.

ఆఖరి నిమిషంలో నాలుగు పాయింట్లు వెనక ఉన్నాం. గీత దాటితే గెలుస్తాం, రెండు గజాల దూరం. బంతి నాకిచ్చారు. ముందు నడిచేవాడు ఎవడూ లేడు నాకు. గీతకి అడుగు ఇవతల పడిపోయాను. ఓడిపోయాం. జనం మంచు గడ్డలు చేసి విసిరారు. మిల్లువాళ్ళు మాత్రం విసరలేదు, నిలబడే ఉన్నారు.

బట్టలు మార్చుకునే గదిలో లియోటిస్ నా పక్కన కూర్చుని, "గెలిచామా?" అనడిగాడు. లేదన్నాను. తల వంచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ, "గెలిచామా?" లేదన్నాను. మళ్ళీ మొదటిసారి విన్నట్టే మొహం పడిపోయింది. అయిదుసార్లు అడిగాడు, అయిదుసార్లూ అదే మొహం. ఆరోసారి గెలిచామన్నాను. నవ్వాడు. ఇంక అడగలేదు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఊపిరి బాగానే ఆడుతోంది. రాత్రంతా లెక్కపెట్టాను.

పెట్రాస్కో


హార్లన్ పోర్ట్, ఆసుపత్రి నుంచి
జనవరి 7, 1975

డెల్,

ఈ ఉత్తరం రాస్తున్నవాడితో నేను మాట్లాడ్డం లేదు. చెప్పింది రాస్తున్నాడు, అంతే. తినడానికి కూడా వాడే తెస్తున్నాడు. తింటున్నాను. మాట్లాడ్డం లేదు.

వాడు నాకు అన్నీ చెప్పాడు. నీ ఉత్తరాలన్నీ తెచ్చి చదివి వినిపించాడు, నువ్వు సంతకం పెట్టిన కాగితంతో సహా. నిన్న చదివాడట. నాకు గుర్తులేదు. మొన్నా, అటుమొన్నా కూడా చదివాడట. ప్రతిసారీ నీళ్ళ గ్లాసు విసిరి కొట్టానట. ఇవాళ విసరలేదు. గోడ మీద మరకలు చూశాను, మూడున్నాయి. అందుకని నమ్మాను.

పేపరు ఎవడో తెచ్చాడు. లియోటిస్ గ్యాంబ్రెల్ కాళ్ళు ఇంకా మూడేళ్ళు పరిగెత్తగలవని రాశారట. కాళ్ళకేం? కాళ్ళు బాగున్నాయి. వరండాలో నడుస్తున్నాను. ఆ చివరిదాకా వెళ్ళాక ఏ గదిలోంచి వచ్చానో తెలీక అక్కడే నిలబడతాను. ఎవరైనా వచ్చేదాకా. డెల్, ఆ నిలబడేటప్పుడు చాలా భయమేస్తోంది. మిగతావన్నీ మరిచిపోతున్నాను గానీ ఆ భయం మాత్రం పొద్దున లేచేసరికి అక్కడే ఉంటోంది.

నువ్వు పద్నాలుగో తేదీన వస్తున్నావని గోడకి కాగితం అంటించారు. నన్ను అమ్మ దగ్గరికి తీసుకెళ్తావట. వస్తాను. కొన్నాళ్ళు ఎండలో కూర్చుంటే నయమవుతుందని డాక్టరు అంటున్నాడు. నీ పుస్తకాల్లో ఏముందో నేను అడగను. నువ్వూ చెప్పకు.

ఒక్క పని చెయ్యాలి నువ్వు. ఈ ఉత్తరం దగ్గర పెట్టుకో. ఇంటికెళ్ళాక నేను ఊరికే ఉండను, ఆటకి బయల్దేరతాను. బూట్లు ఏవని అడుగుతాను. నేనెందుకు ఆడ్డం లేదు, ఎవరాపారు అని అడుగుతాను. అప్పుడు తప్పించుకోకు. డాక్టరు ఆపాడనీ, వయసైపోయిందనీ చెప్పకు. పెట్రాస్కో మీదికి నెట్టకు. నేను ఆపాను అన్నయ్యా అని చెప్పు. తిడతాను. తిట్టనీ. ఏదన్నా విసిరితే పక్కకి తప్పుకో, వెళ్ళిపోకు.

మర్నాడు మళ్ళీ అడుగుతాను. మళ్ళీ చెప్పు.

నీ అన్న
లియోటిస్